కంపెనీ పేరుకు ముందు కాటా: పాతకాలపు ట్రెక్కింగ్‌కు సెకండ్‌హ్యాండ్ ఉన్ని కంబళి ఎంచుకోవడం

సెకండ్‌హ్యాండ్ కంబళి కొనేటప్పుడు చాలామంది మొదట అడిగేది "ఏ కంపెనీది?" అని. ఆ ప్రశ్న తర్వాత అడగొచ్చు, తొందరేం లేదు. ముందు అడగాల్సింది "ఎన్ని కిలోలుంది? పొడవెంత, వెడల్పెంత?" అని. ఈ మూడు అంకెలు చేతికొస్తే రాత్రి మూడింటికి అది మనల్ని కాపాడుతుందా లేదా అన్నది చాలావరకు తేలిపోతుంది.

స్లీపింగ్ బ్యాగ్, నైలాన్ టెంట్, గ్యాస్ స్టవ్ అన్నీ ఇంట్లో వదిలేసి, 18వ శతాబ్దపు వేటగాడు ఏం మోసుకెళ్ళాడో అవే మోసుకుని అడవిలో నడవడం ఈ ట్రెక్కింగ్ పద్ధతి. 1760లలో అమెరికాలోని అపలేచియన్ కొండలు దాటి కెంటకీ, టెన్నెసీ వైపు నెలల తరబడి వేటకు పోయిన లాంగ్ హంటర్లను చూసి నేర్చుకున్నదే ఇందులో ఎక్కువ. వాళ్ళ మూటలో కంబళి ఒక్కటే అన్ని పనులూ చేసేది. పగలు సామాన్లు చుట్టే సంచి, చలిగాలి వీస్తే నడుముకు బెల్టు కట్టి కప్పుకునే కోటు, రాత్రి పరుపూ దుప్పటీ అదే. కాబట్టి సామగ్రిలో మిగతా వస్తువుల్లో రాజీ పడినా దీనిలో పడకండి.

నేను మొదట కొన్నది చూడటానికి భలే ఉండేది. బూడిద రంగు, మందంగా, అంచున నల్ల చార. ప్యూర్ ఉల్ అని అమ్మినాయన చెప్పాడు, లేబుల్ మాత్రం లేదు. మొదటి రాత్రే మంట దగ్గర పడుకుంటే ఒక నిప్పురవ్వ ఎగిరి మోకాలి మీద పడింది. దులిపేసరికి వేలు పట్టేంత రంధ్రం. పొద్దున వెలుతురులో చూస్తే ఆ రంధ్రం చుట్టూ గట్టి నల్ల గాజుపూసల్లాంటి అంచు. ఉన్ని అలా కరగదు, కరిగేది ప్లాస్టిక్ దారమే. అసలైన ఉన్ని అంటుకోవాలంటే సుమారు 570 డిగ్రీల వేడి కావాలి. అంటుకున్నా మంట తీసేస్తే తనంతట తానే ఆరిపోతుంది. మంట పక్కన పడుకునేవాళ్ళకు ఉన్ని తప్ప వేరే దారి లేదని నేను పట్టుబట్టేది అందుకే.

చదరపు మీటరు లెక్క

పొడవును వెడల్పుతో గుణించండి, బరువును దాంతో భాగించండి. 2 మీటర్ల పొడవు, మీటరున్నర వెడల్పు, 2 కిలోల బరువు ఉంటే చదరపు మీటరుకు సుమారు 670 గ్రాములు. ఈ ఒక్క అంకెతో ఎన్ని రకాల కంబళ్ళనైనా ఒకే కాటాలో తూచొచ్చు.

అమెరికా సైన్యం 1851లో రాసుకున్న నిబంధన చూడండి. కంబళి 7 అడుగుల పొడవు, అయిదున్నర అడుగుల వెడల్పు, 5 పౌండ్ల బరువు ఉండాలి. మన లెక్కలో అది 635 గ్రాములకు దగ్గర. బొచ్చు వ్యాపారంలో పేరుమోసిన చారల కంబళి, హడ్సన్స్ బే కంపెనీది, నాలుగు పాయింట్ల (అంటే సైజు గుర్తుల) రకం, 183 సెంటీమీటర్ల వెడల్పు, 229 పొడవు, 6 పౌండ్ల బరువు. అది 650 దాకా వస్తుంది. ఒకటి సైనికుడి కోసం, ఇంకొకటి వేటగాళ్ళతో బొచ్చుకు మారకం వేయడం కోసం నేసినది. రెండూ దాదాపు ఒకే అంకె దగ్గర ఆగాయి. ఆరుబయట పడుకునేవాళ్ళకు ఏది సరిపోతుందో చెప్పడానికి నాకు ఇంతకన్నా మంచి సాక్ష్యం అక్కర్లేదు.

నా అనుభవంలో 400 గ్రాములకు లోపు ఉన్నవి ఒంటరిగా పనికిరావు, ఇంకో దానితో జత చేస్తేనే పనికొస్తాయి. 450 నుంచి 550 దాకా ఉంటే చలి తక్కువగా ఉండే నెలలకు బాగుంటాయి. 600 నుంచి 700 మధ్య దొరికితే వదలకండి. 800 దాటినవి వెచ్చగానే ఉంటాయి కానీ వాటిని భుజాన వేసుకుని పది మైళ్ళు నడిస్తే మెడ నరాలు పట్టేస్తాయి. పైగా వాన పడితే బరువు ఇంకా పెరుగుతుంది. ఉన్ని తన బరువులో మూడో వంతు దాకా తేమను పీల్చుకున్నా ఒంటికి తడి తెలియదంటారు. నిజమే, కానీ ఆ నీళ్ళ బరువు మోసేది మనమే.

బరువొక్కటే చూస్తే మోసపోయే చోటు ఒకటుంది. లావు దారంతో వదులుగా నేసినది కాటా మీద బాగానే తూగుతుంది, గాలి మాత్రం జల్లెడలోంచి పోయినట్టు పోతుంది. పాత మంచి కంబళ్ళను మగ్గం మీద కావలసిన దానికన్నా బాగా పెద్దగా నేసి, తర్వాత నీళ్ళలో, సబ్బులో సుత్తులతో దంచి కుదించేవాళ్ళు. పోగులు ఒకదాన్నొకటి పట్టేసుకుని గుడ్డ దట్టమయ్యేది. ఆ తర్వాత ముళ్ళకాయలతో దువ్వి నూగు లేపేవాళ్ళు. ఇంగ్లండ్‌లో విండ్రష్ నది ఒడ్డునున్న విట్నీ పట్టణం ఈ పనికే పేరు తెచ్చుకుంది. దట్టం చేసినదో కాదో తెలుసుకోవడానికి కంబళిని పెదవులకు ఆనించి గట్టిగా ఊదండి. అవతల పెట్టిన అరచేతికి గాలి సూటిగా తగిలితే అది పడకగది కంబళి. ఎక్కడో మెత్తగా, ఆలస్యంగా తెలిస్తే అది అడవి కంబళి.

చారల కంబళ్ళు

అందరి కళ్ళూ ముందు వీటి మీదే పడతాయి. ఉత్తర అమెరికాలో బొచ్చు వ్యాపారం చేసిన హడ్సన్స్ బే కంపెనీ విట్నీలోని థామస్ ఎంప్సన్ దగ్గర 1780 ప్రాంతం నుంచి పాయింట్ కంబళ్ళు క్రమంగా నేయించుకుంది. పాయింట్లంటే అంచు దగ్గర నేతలోనే వేసిన చిన్న గీతలు. ఒక్కో గీతకు ఒక్కో బీవరు తోలు ధర అని చాలామంది అమ్మకందార్లు కథ చెబుతారు. అది నిజం కాదు. అవి కంబళి సైజు చెప్పే గుర్తులు, అంతే. మడత విప్పకుండానే ఏ సైజో తెలియడానికి పెట్టినవి.

ఈ సంగతి తెలిస్తే కొనేటప్పుడు పనికొస్తుంది. మూడున్నర పాయింట్లు అంటే 160 సెంటీమీటర్ల వెడల్పు, సుమారు 206 పొడవు. అమ్మేవాళ్ళు మూడున్నర పాయింట్లని చెప్పి, టేపు పెట్టి కొలిస్తే 140, 180 వస్తే దాన్ని ఎవరో వేడినీళ్ళలో ఉతికేశారన్నమాట. ఆరు, ఎనిమిది పాయింట్లవి పెద్ద మంచాల కోసం ఇటీవలి కాలంలో వచ్చినవి, మూటలో పట్టవు.

కాలానికి సరిపోవాలంటే చారల సంగతి కూడా చూసుకోవాలి. ఆకుపచ్చ, ఎరుపు, పసుపు, నీలి చారలు నాలుగూ ఉన్నది బాగా చెలామణిలోకి వచ్చింది 1800 ప్రాంతంలో. మీరు 1760ల వేటగాడి పద్ధతిలో వెళ్తుంటే తెల్లటి కంబళికి రెండు చివర్లా ఒక్కో ముదురు నీలి చార ఉన్నది సరైనది. కంపెనీ లేబుల్ కుట్టడం 1890లో మొదలైంది, కాబట్టి లేబుల్ ఉన్నదాన్ని ఎవరైనా బొచ్చు వ్యాపారం రోజులది అంటే నమ్మకండి.

నాణ్యతలో వీటికి వంక పెట్టలేం. కానీ వీటిని గోడకు తగిలించుకునేవాళ్ళు, అలమారలో దాచుకునేవాళ్ళు చాలామంది. 2025లో ఆ కంపెనీ దుకాణాలన్నీ మూతపడ్డాయి కూడా. మచ్చలేని పాత చారల కంబళి దొరికితే దాన్ని బురదలోకి, నిప్పురవ్వల్లోకి తీసుకెళ్ళడానికి నాకైతే మనసొప్పదు. వెతకాల్సింది దెబ్బతిన్నదాన్ని. ఒక మూల చిరిగినది, ఇంకు మరక పడ్డది, లేబుల్ ఊడిపోయినది సేకరించేవాళ్ళకు అక్కర్లేదు, మనకు బంగారం. అవే చారలతో వేరే మిల్లులు నేసినవి కూడా చాలా ఉన్నాయి. పేరు లేకపోయినా లెక్కలో 600 దాటితే అదే వెచ్చదనం.

సైన్యం వదిలేసినవి

మొదటిసారి కొనేవాళ్ళకు నేను చెప్పేది ఇవే. రెండో ప్రపంచ యుద్ధం నాటి అమెరికన్ ఆలివ్ రంగు కంబళి 1851 నాటి దాని సైజే, సుమారు 168 బై 213 సెంటీమీటర్లు. బరువు మాత్రం 4 పౌండ్లకు దిగింది. అంటే చదరపు మీటరుకు 500 చిల్లర. ఒక్కటే అయితే చలికాలానికి చాలదు, రెండు కలిపితే ఏ రాత్రికీ భయం లేదు. రఫ్‌గా వాడటానికే చేసినవి కాబట్టి పడుగు, పేక గట్టిగా ఉంటాయి.

చిక్కల్లా రంగుతోనే. ఆలివ్ పచ్చ 18వ శతాబ్దపు మూటలో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పచ్చి వాల్‌నట్ కాయల పైతొక్కు నానబెట్టిన నీళ్ళలో వేసి, సన్న మంట మీద నెమ్మదిగా వేడి చేస్తే అది మట్టి గోధుమ రంగుకు తిరుగుతుంది. ఆ తొక్కుకు పటిక లాంటివి కలపకపోయినా రంగు పడుతుంది. చేతులకు తొడుగులు వేసుకోండి, లేకపోతే రెండు వారాలు చేతులు కూడా అదే రంగులో ఉంటాయి.

స్విట్జర్లాండ్ సైన్యం కంబళి చూస్తే గుర్తుపట్టేయొచ్చు. గోధుమ రంగు, మధ్యలో ఎర్ర పట్టీ, దాని మీద తెల్ల శిలువ. పాతవి మందంగా, మొరటుగా, దశాబ్దాలు మన్నేలా ఉంటాయి. కానీ ఇదే గుర్తుతో కొత్తగా చేసిన నకళ్ళూ అమ్ముతున్నారు, వాటిలో మిశ్రమ దారం ఉంటుంది. పైగా ఆ శిలువ పాతకాలపు వేషానికి అడ్డే. ఆ భాగం లోపలికి వచ్చేలా మడత పెట్టుకోవడం ఒక్కటే మార్గం. యూరప్ సైన్యాల సాదా బూడిద, గోధుమ కంబళ్ళు ఈ గొడవేమీ లేకుండా ఏ కాలానికైనా ఇమిడిపోతాయి.

సైన్యం వదిలేసినవాటిలో జాగ్రత్తపడాల్సింది షాడీ గురించి. పాత ఉన్ని బట్టలను చీల్చి, పోగులు లాగి మళ్ళీ వడికిన దారం అది. 1813లో యార్క్‌షైర్‌లోని బాట్లీలో బెంజమిన్ లా ఈ పద్ధతి మొదలుపెట్టాడు. అమెరికా అంతర్యుద్ధంలో ఈ గుడ్డతో కుట్టిన యూనిఫాంలు సైనికుల ఒంటి మీదే చివికిపోవడంతో ఇంగ్లిష్‌లో నాసిరకానికి ఆ మాటే పేరైపోయింది. దగ్గరగా చూస్తే బూడిద రంగు మధ్యలో ఎర్ర, నీలి, పచ్చ నలుసులు కనిపిస్తాయి. పోగులు పొట్టివి కాబట్టి అరచేత్తో రుద్దితే దుమ్ములా రాలుతుంది. వెచ్చదనం ఉంటుంది, బలం ఉండదు. నేల మీద పరచుకోవడానికి ఒకటి ఉంచుకోండి, బెల్టు కట్టి కప్పుకోవడానికి మాత్రం వద్దు.

ఇళ్ళలో వాడిన పడక కంబళ్ళు

వీటిని చాలామంది చిన్నచూపు చూస్తారు. నాకు మాత్రం వీటి మీదే మక్కువ. అలమారల్లో ఏళ్ళ తరబడి మడతపెట్టి ఉంచినవి, మీగడ రంగువి, చివరన సిల్కు పట్టీ కుట్టినవి. ఆ పట్టీ 20వ శతాబ్దపు అలంకారం. కుట్లు విప్పే చిన్న పనిముట్టుతో ఒక సాయంత్రం కూర్చుంటే ఊడిపోతుంది. అంచు పోగులు ఊడకుండా ఉన్ని దారంతో చేత్తో కుట్టేస్తే కంబళి వయసు రెండు వందల ఏళ్ళు వెనక్కి పోయినట్టే.

గులాబీ, ఊదా, లేత నీలం పడక కంబళ్ళు వదిలేయండి. రసాయన రంగులు 1856లో విలియం పెర్కిన్ ఊదారంగుతో మొదలయ్యాయి. అంతకు ముందు కాలం వేషానికి అవి పొసగవు. రంగు వేయని ఉన్ని ఏ శతాబ్దానికైనా సరిపోతుంది.

అమెరికన్ కంబళి అయితే లేబుల్ వయసు కూడా చెబుతుంది. డబ్ల్యూ.పి.ఎల్. (ఉల్ ప్రాడక్ట్స్ లేబుల్) అన్న అక్షరాల పక్కన అంకె ఉంటే ఆ రిజిస్టర్ నంబరు 1941, 1959 మధ్య ఇచ్చినది. "రీప్రాసెస్డ్ ఉల్" లేదా "రీయూజ్డ్ ఉల్" అని ఉంటే అది ఒకసారి నేసిన ఉన్నిని చీల్చి మళ్ళీ నేసినదే, 1939 నాటి చట్టం ప్రకారం అలా రాయాల్సి వచ్చేది. "వర్జిన్ ఉల్" అని ఉంటే నిశ్చింతగా తీసుకోవచ్చు.

బరువులో ఇవి వెనకబడతాయి, 350 నుంచి 450 మధ్య ఉండేవే ఎక్కువ. రెండిటిని వేర్వేరుగా ఒకదాని మీద ఒకటి వేసుకుంటే మధ్యలో నిలిచే గాలి కూడా కాపాడుతుంది. తడిస్తే విడివిడిగా త్వరగా ఆరతాయి. వాగు దాటేటప్పుడు ఒకటి తడిసినా రెండోది పొడిగా ఉండొచ్చు. ఒకే మందపాటి కంబళికి ఈ వెసులుబాటు లేదు. కాకపోతే దట్టమైన ఒక్కటి గాలికి ఎదురు నిలిచినంతగా ఇవి రెండూ కలిసి కూడా నిలవవు. చెట్ల చాటున పడుకునేవాళ్ళు పలచనివి రెండు, కొండ నెత్తిన పడుకునేవాళ్ళు దట్టమైనది ఒకటి తీసుకోవడం మంచిది.

సహాయ శిబిరాల్లో పంచేవి, ఫర్నిచర్‌కు చుట్టేవి ఎంత చవగ్గా దొరికినా వద్దు. చాలావాటిలో ఉన్ని పేరుకే ఉంటుంది.

చేతిలోకి తీసుకున్నాక

మొన్నామధ్య చూసిన ఒక మీగడ రంగు కంబళి గురించి చెప్తాను. మడత మీద అందంగా ఉంది. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి రెండు చేతులతో ఎత్తి పట్టుకుంటే మధ్య మడత పొడవునా సూదిమొనంత వెలుగు చుక్కలు వరసగా కనిపించాయి. మడత లోపల బియ్యపుగింజంత పట్టుగూళ్ళు, ఇసుక లాంటి రెట్ట. బట్టల చిమ్మట ఎక్కడ చీకటి, ఎక్కడ కదలిక లేదో అక్కడే గుడ్లు పెడుతుంది. తినేది ఎగిరే చిమ్మట కాదు, దాని పిల్ల పురుగు. ఆ కంబళిని నేను తీసుకున్నాను, ఎందుకంటే రంధ్రాలు ఒక్క మడత దగ్గరే ఉన్నాయి, మిగతా గుడ్డ రాయిలా ఉంది. రంధ్రాలు అంతటా చెదిరి ఉంటే మాత్రం వదిలేసేవాణ్ణి.

రంధ్రాల కన్నా భయపడాల్సింది పోగు చచ్చిపోవడానికి. బొటనవేళ్ళు రెండూ పక్కపక్కన పెట్టి గుడ్డను గట్టిగా రెండువైపులా లాగండి. పాతబడి చివికినదైతే చిన్న చిటపట శబ్దం వస్తుంది. ఆ శబ్దం విన్నాక ఎంత నచ్చినా పక్కన పెట్టేయడమే.

లేబుల్ లేకపోతే అంచు నుంచి రెండు పోగులు అడిగి తీసుకోండి. ఒకదాన్ని పట్టుకారుతో పట్టుకుని అగ్గిపుల్ల వెలిగించండి. ఉన్ని అయితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, మిగిలిన నలుపు వేళ్ళ మధ్య పొడి అయిపోతుంది. గట్టి పూసలా మిగిలితే సింథటిక్. కాగితంలా భగ్గున మండితే నూలు. మిశ్రమమని అనుమానం ఉంటే రెండో పోగును క్లోరిన్ బ్లీచ్‌లో రాత్రంతా వదిలేయండి. ఉన్ని పూర్తిగా కరిగిపోతుంది, పొద్దున గిన్నెలో ఏం మిగిలితే అది ఉన్ని కాదు.

ఆన్‌లైన్‌లో కొంటుంటే ఇవేవీ కుదరవు. అప్పుడు అమ్మేవాళ్ళను నాలుగు అడగండి: కాటా మీద పెట్టిన బరువు, టేపుతో కొలిచిన పొడవు వెడల్పు, కిటికీకి ఎదురుగా ఎత్తి పట్టుకున్న ఫొటో, లేబుల్ ఉంటే దాని దగ్గరి ఫొటో. వాసన గురించి కూడా అడగండి. కలరా ఉండల వాసన వారం పది రోజులు గాలికి ఆరేస్తే చాలావరకు పోతుంది. సిగరెట్ వాసన, బూజు వాసన మాత్రం అంత తేలిగ్గా వదలవు. బరువు చెప్పడానికి ఓపిక లేని మనిషి దగ్గర నేను కొనను.

పొడవు మీ ఎత్తు కన్నా ఒక 30 సెంటీమీటర్లు ఎక్కువ ఉండాలి, పాదాల కింద మడవడానికి. వెడల్పు 150కి తగ్గితే పక్కకు తిరిగినప్పుడల్లా వీపు బయటపడుతుంది.

ఇంటికి తెచ్చాక

గడప దాటకముందే ప్లాస్టిక్ సంచిలో పెట్టి గాలి చొరకుండా మూతి బిగించండి. ఇంట్లో ఉన్న మిగతా ఉన్ని బట్టలకు చిమ్మట అంటితే అదో పెద్ద టెన్షన్. సంచిని అలాగే డీప్ ఫ్రీజర్‌లో మైనస్ 18 డిగ్రీల దగ్గర రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక వెంటనే విప్పకండి, గది వేడికి వచ్చేదాకా ఆగితే పట్టే తేమ సంచి మీదే పడుతుంది, కంబళికి పట్టదు.

ఉతకడం తప్పదనుకుంటేనే ఉతకండి. చల్లని నీళ్ళు, ఘాటు లేని సబ్బు, నానబెట్టి నెమ్మదిగా నొక్కడం. పిండకూడదు, తాడు మీద వేలాడదీయకూడదు, ఆ బరువుకే సాగిపోతుంది. నీడలో పరిచి ఆరబెట్టండి. వేడినీళ్ళలో మెషీన్లో తిప్పితే కుదించుకుపోతుంది. పలచటి పడక కంబళి విషయంలో కొందరు అదే కావాలని చేస్తారు, నేనూ చేశాను. గుడ్డ నిజంగానే దట్టమవుతుంది, కానీ ఎంత కుదుస్తుందో మన చేతిలో ఉండదు, ఒకసారి కుదిశాక వెనక్కి రాదు. సైజులో బాగా మిగులున్నదైతేనే ఆ పని చేయండి.

నేను తీసుకున్న ఆ మీగడ రంగు కంబళికి మధ్య మడత పొడవునా ఉన్న రంధ్రాలను ముదురు గోధుమ ఉన్ని దారంతో రఫూ చేశాను, పదకొండు చోట్ల. దాని లెక్క 640 గ్రాములు. మడత చోటు ఇప్పుడు మారుస్తుంటాను. నెలకోసారి విప్పి, ఎండలో దులిపి, వేరే గీత మీద మడిచి పెడతాను.